దేవుని వారసులకు రావలసినది: రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంపై స్మారకోపన్యాసం



 ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ మా గురువు, అయ్యగారి జీవిత విశేషాలు ఆహ్వానపత్రికలో ఉన్నాయి, నాకు ముందు మాట్లాడినవారు వాటిని వివరంగా చెప్పారు. నేను ఒక్క సంగతే చేరుస్తాను. గ్రీకు పాఠం చదివించేటప్పుడు ఆయన మమ్మల్ని లేచి నిలబడమనేవారు. అపొస్తలుల పత్రికలు మొదట సంఘం ముందు బిగ్గరగా చదవడానికి రాసినవి కాబట్టి అలాగే చదవాలనేవారు. కాళ్లు వాచిన చివరి రోజుల్లో కూడా నిలబడే పాఠం చెప్పారు. ఆయన పాండిత్యం నాకు పూర్తిగా అబ్బలేదు గాని ఆ పట్టుదల కొంత అబ్బింది. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం దగ్గర ఆయనకూ నాకూ ఎన్నడూ పొసగలేదు. ఆయన ఉండగా తేలని ఆ వాదాన్నే ఇవాళ ఆయన పేరున మళ్లీ ఎత్తుకుంటున్నాను.

దేవుని పిల్లలుగా మనకు రావలసిన స్వాస్థ్యం ఏమిటి? ఇదీ ప్రశ్న. మన సంఘాల్లో, ముఖ్యంగా భూస్థాపన ఆరాధనల్లో, వినిపించే జవాబు ఒకటే. కన్నుమూసిన విశ్వాసి ఈ లోకాన్ని విడిచి పరలోకంలో తన స్వాస్థ్యాన్ని అందుకున్నాడని చెబుతాం. అయ్యగారూ అలాగే బోధించేవారు. పౌలు అలా చెప్పలేదని నా వాదన. పౌలు స్వాస్థ్యం అన్నది మరణం తర్వాత మనం చేరుకునే చోటుని కాదు. పునరుత్థానమయ్యే శరీరాన్ని, ఆ శరీరంతో బతకడానికి నాశనదాస్యం నుంచి విడుదలయ్యే సృష్టిని ఆయన స్వాస్థ్యం అన్నాడు.

ఈ వారసత్వానికి ఆధారంగా పౌలు ఎనిమిదో అధ్యాయంలో చెప్పే దత్తత సంగతి మీకు తెలిసిందే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను. పౌలు ఈ పోలికను రోమా చట్టం నుంచి తీసుకున్నాడని 1969లో ఫ్రాన్సిస్ లయాల్ వాదించాడు. దావీదు కుమారుణ్ణి దేవుడు తన కుమారుడిగా చేసుకుంటానన్న రెండో సమూయేలు ఏడో అధ్యాయం నుంచి వచ్చిందని 1992లో జేమ్స్ స్కాట్ వాదించాడు. రెండిటిలోనూ బలం ఉంది, వాటి మధ్య తీర్పు చెప్పే అవసరం నాకు లేదు. ఒక్క చారిత్రక విషయం మాత్రం గుర్తుంచుకోమంటాను. క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 50లో నీరోను దత్తత చేసుకున్నాడు. సొంత కొడుకు బ్రిటానికస్ ఉండగానే 54లో రాజ్యం నీరోకు వచ్చింది. పౌలు ఈ పత్రిక రాసినది దాదాపు 57లో. అంటే దీన్ని విన్న రోమా విశ్వాసులు ఒక దత్తపుత్రుడి ఏలుబడిలో ఉన్నారు. ఆ దత్తపుత్రుడికి ఒక సామ్రాజ్యమే వారసత్వంగా వచ్చింది. పదహారో అధ్యాయంలో పౌలు వందనాలు చెప్పిన అంప్లీయతు, పెర్సిసు వంటి పేర్లు బానిసల్లోనూ విడుదల పొందినవారిలోనూ ఎక్కువగా కనిపించే పేర్లని పీటర్ లాంపె పరిశోధన చూపింది. బానిసకు తనకంటూ ఆస్తి ఉండడానికి రోమా చట్టం ఒప్పుకోలేదు. అలాంటివాళ్ల ముందు నిలబడి ఒకరు ఈ పత్రిక చదివారు, మీరు దేవుని వారసులు, క్రీస్తుతోటి వారసులు అని వాళ్లకు వినిపించారు.

ఏమి రాబోతుందని చెప్పారు వాళ్లకు? దీనికి జవాబు పత్రిక నాలుగో అధ్యాయంలోనే, పదమూడో వచనంలో ఉంది. అబ్రాహాముకు, అతని సంతానానికి కలిగిన వాగ్దానం లోకానికి వారసులు కావడమేనని పౌలు అక్కడ చెబుతాడు. ఆదికాండంలో ఆ వాగ్దానం కనాను దేశం గురించినది. దాన్ని పౌలు లోకమంతటికీ చాపాడు.

ఇక్కడే డబ్ల్యు. డి. డేవిస్ ఎదురవుతాడు. ఆయన 1974లో వెలువరించిన సువార్తా–దేశమూ అనే గ్రంథం ఇప్పటికీ ఈ విషయంలో అతి పెద్ద అడ్డుగోడ. పౌలు క్రీస్తును కేంద్రంగా పెట్టుకున్నాక నేల ప్రసక్తి జారిపోయిందని, వాగ్దానం స్థలాన్ని వదిలి వ్యక్తిని పట్టుకుందని ఆయన వాదన. గలతీ పత్రికలో అబ్రాహాము గురించి అంత చర్చించినా భూమి మాట లేకపోవడం ఆయనకు పెద్ద ఆధారం. ఆ మౌనం నాకూ కనిపిస్తుంది. కాని రోమా పత్రికలో మౌనం లేదు, అక్కడ లోకం అనే మాటే ఉంది. పైగా ఇది పౌలు కొత్తగా కల్పించిన విస్తరణ కూడా కాదు. సిరాకు గ్రంథం నలభై నాలుగో అధ్యాయం అబ్రాహాము సంతానానికి సముద్రం నుంచి సముద్రం వరకు స్వాస్థ్యమని చెబుతుంది. యూబిలీల గ్రంథం ముప్పై రెండో అధ్యాయంలో ఆకాశం కింద ఉన్న భూమి అంతా యాకోబు సంతానానికే. మొదటి హనోకు గ్రంథంలో ఏర్పరచబడినవారు భూమిని స్వతంత్రించుకుంటారు. యెరూషలేము కూలిన తర్వాత నాలుగో ఎజ్రా గ్రంథకర్త దేవుణ్ణి నిలదీస్తాడు: లోకం మాకోసమే సృష్టించావు గదా, మరి అది మా చేతికెందుకు రాలేదని. సాత్వికులను గూర్చి ప్రభువు కొండమీద పలికినదీ ఈ వరుసలోదే. ఇంతమంది భూమిని పెద్దది చేస్తూ పోతుంటే, పౌలు ఒక్కడే దాన్ని ఆవిరి చేశాడని అనడానికి డేవిస్ దగ్గర ఆధారం చాలదు. మూడేళ్ల తర్వాత, 1977లో, వాల్టర్ బ్రూగమన్ నేల మీద రాసిన పుస్తకం ఆయనను ప్రశ్నించింది. 2011లో మార్క్ ఫోర్మన్ రోమా పత్రికలోని వారసత్వం ఈ లోకానికి సంబంధించినదేనని ఒక గ్రంథమంతా వాదించాడు. ఫోర్మన్ చెప్పిన ప్రతి అడుగుతోనూ నేను ఏకీభవించను గాని ఆయన నడిచిన దిక్కు సరైనదే.

రెండో అభ్యంతరం మరింత లోతైనది. అయ్యగారు ఎప్పుడూ నిలబడిన చోటు అదే, అందుకే దాన్ని గౌరవంతో తీసుకుంటున్నాను. దేవుని వారసులు అంటే దేవుణ్ణే స్వాస్థ్యంగా పొందినవారని జాన్ మర్రే తన రోమా వ్యాఖ్యానంలో అన్నాడు. దీనికి వెనుక లేవీయుల సంగతి ఉంది. పన్నెండు గోత్రాలకూ భూమి పంచినప్పుడు లేవీ గోత్రానికి భాగం ఇవ్వలేదు, యెహోవాయే వారి స్వాస్థ్యం. పదహారో కీర్తనలోనూ డెబ్బై మూడో కీర్తనలోనూ ఆ భక్తి పరిమళం ఉంది. దేవుణ్ణి పొందడం కంటే గొప్ప స్వాస్థ్యం లేదని నేనూ ఒప్పుకుంటాను, ప్రతి ఉదయం ఆ ప్రార్థనే చేస్తాను. కాని లేవీయుల కథ పూర్తిగా చదవాలి. సంఖ్యాకాండం ముప్పై ఐదో అధ్యాయం, యెహోషువ ఇరవై ఒకటో అధ్యాయం చూడండి. వాళ్లకు 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకు పొలాలు కొలిచి మరీ ఇచ్చారు. యెహోవా మీ భాగం కాబట్టి మీకు నిలువ నీడ అక్కర్లేదని ఎవరూ వాళ్లతో అనలేదు. దేవుణ్ణి స్వాస్థ్యంగా పొందినవాడికి మేతపొలం కూడా దేవుడే చూపించాడు.

ఇక అసలు ముడి దగ్గరికి వస్తాను. ఎనిమిదో అధ్యాయం పదిహేనో వచనంలో మనం దత్తపుత్రాత్మను ఇప్పటికే పొందామని పౌలు అంటాడు. ఇరవై మూడో వచనానికి వచ్చేసరికి అదే దత్తత కోసం ఇంకా కనిపెడుతున్నామని, ఆ దత్తత మన దేహ విమోచనమేనని అంటాడు. నా వాదమంతా ఈ వచనం మీదే నిలిచింది. దత్తత పూర్తయ్యేది దేహం విడిచినప్పుడు కాదు, దేహం విమోచన పొందినప్పుడు.

అయితే ఇరవై మూడో వచనంలో దత్తత అనే మాట పౌలు రాసిందేనా అని పెద్ద చర్చ ఉంది. క్రీ.శ. 200 ప్రాంతానికి చెందిన పపైరస్ 46లో ఆ మాట లేనట్టే కనిపిస్తుంది. క్లారొమొంటానస్ అనే గ్రీకు–లాటిన్ ప్రతిలోనూ, దానికి దగ్గరి బంధువులైన ప్రతుల్లోనూ లేదు. కాబట్టి అది తర్వాతివాళ్లు చేర్చిందని కొందరు పండితులు అంటారు. పపైరస్ 46 అంత పాత సాక్షిని తోసిపుచ్చడం తేలిక కాదు, నిజమే. కాని నాలుగో శతాబ్దపు సినాయి ప్రతి, వాటికన్ ప్రతి రెండూ ఆ మాటను ఉంచాయి. రాతగాడి స్థానంలో నిలబడి ఆలోచించండి. దత్తత పొందామని ఎనిమిది వచనాల ముందే చదివిన రాతగాడు, మళ్లీ దాని కోసం ఎదురుచూస్తున్నాం అనే మాటను కావాలని ఎందుకు చేరుస్తాడు? తీసేయడానికైతే కారణం ఉంది, పదిహేనో వచనంతో పొసగదనిపించి తీసేసి ఉంటాడు. బ్రూస్ మెట్జ్గర్ 1971లో తన పాఠ వ్యాఖ్యానంలో చెప్పింది దాదాపు ఇదే. రాతగాళ్లకు ఇబ్బంది కలిగించే పాఠమే మూలపాఠం అయ్యే అవకాశం ఎక్కువన్నది పాఠపరిశోధనలో పాత సూత్రం, ఇక్కడ అది బాగా వర్తిస్తుంది. మన తెలుగు బైబిలు కూడా ఆ మాటను వదల్లేదు. ఒకవేళ నా ప్రత్యర్థులు చెప్పినట్టు దాన్ని తీసేసినా ఏమి మిగులుతుంది? దేహ విమోచనం కోసం కనిపెడుతున్నాం అన్నది మిగులుతుంది. సృష్టి అంతా ప్రసవవేదన పడుతూ దేవుని పిల్లల మహిమగల స్వాతంత్ర్యం కోసం చూస్తోంది అన్నదీ పక్కనే మిగులుతుంది. ప్రసవవేదన పడుతున్న సృష్టిని వదిలేసి మనం ఎక్కడికో వెళ్లడమే ముగింపు అయితే ఈ వచనాలన్నీ అర్థం లేనివవుతాయి.

శ్రమల మాట కూడా ఇక్కడే చెప్పాలి. క్రీస్తుతో శ్రమపడితే ఆయనతో మహిమ పొందుతామని పదిహేడో వచనం అంటుంది. దీన్ని కూలి లెక్కగా బోధించడం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. ఇంత కష్టం పడు, అంత పరలోకం వస్తుంది అన్నట్టు చెబుతారు. వారసుడు కూలి తీసుకోడు. సృష్టి మూలుగుతుంది, మనం మూలుగుతాం, ఆత్మ కూడా ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో విజ్ఞాపన చేస్తుంది. శ్రమ ఆ మూడు మూలుగుల్లో మన వంతు. స్వాస్థ్యానికి చెల్లించే వెల కాదు.

పేతురు మొదటి పత్రికను ముందుకు తెస్తారని తెలుసు. స్వాస్థ్యం పరలోకంలో భద్రపరచబడిందని అక్కడ స్పష్టంగా ఉంది. తర్వాతి వచనం కూడా చదవండి. ఆ రక్షణ కడవరి కాలంలో బయలుపరచబడడానికి సిద్ధంగా ఉంది. భద్రంగా ఉన్న చోటు పరలోకం, బయటపడే చోటు మనముండే చోటు. ఫిలిప్పీ పత్రికలో పౌలు వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని కోరుకున్నాడు. ఆ ఆదరణను నేను ఎవరి నుంచీ లాక్కోను, నా తల్లిదండ్రులను సమాధి చేసినప్పుడు అదే నన్ను నిలబెట్టింది. కాని ఆ స్థితిని పౌలు ఎక్కడా స్వాస్థ్యం అనలేదు. ప్రకటన గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో జయించినవాడు స్వతంత్రించుకుంటాడు, దేవునికి కుమారుడవుతాడు. ఆ మాటకు ముందు పట్టణం పరలోకం నుంచి కిందికి దిగి వస్తుంది.

రెండో శతాబ్దం చివర లియోన్ నగర బిషప్పు ఇరేనియసు ఇదే వాదించాడు. చిన్నతనంలో స్ముర్న పోలికార్పు బోధ విన్నవాడు ఆయన. తన గ్రంథం ఐదో పుస్తకంలో, స్తెఫను మాటను గుర్తుచేస్తాడు: అబ్రాహాముకు దేవుడు ఆ దేశంలో అడుగు నేల కూడా ఇవ్వలేదు. శారాను పాతిపెట్టడానికి కూడా హేతు కుమారుల దగ్గర చోటు కొనుక్కున్నాడు. దేవుడు మాట తప్పడు కాబట్టి అబ్రాహాము లేచినప్పుడు ఆ భూమిని అందుకోవాలి, అందుకుంటాడు. తర్వాతి శతాబ్దంలో ఓరిగెను, ఆ తర్వాత ఆగస్టీను దీన్ని మరో దిక్కుకు తిప్పారు. మనం చాలావరకు వాళ్ల దారిలో నడిచాం.

తెలుగు సంఘానికి ఇది పుస్తకాల వాదం కాదు. కరువు ఏళ్ల తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో చాలామంది మాదిగలు, సొంత పొలం లేని కష్టజీవులు. మన సంఘాల్లో ఎక్కువ భాగం అలాంటి కుటుంబాల నుంచే వచ్చాయి. ఇంకోవైపు, మతం మారినందుకు పితృ ఆస్తి పోకూడదని 1850లో ఒక చట్టం వచ్చినా, 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ మారినవారికి తర్వాత పుట్టిన పిల్లలను హిందూ బంధువుల ఆస్తికి దూరం చేసింది. ఇలా నేల మీద వారసత్వం లేనివాళ్లకు మనం ఏం చెప్పాం? మీ స్వాస్థ్యం ఇక్కడ లేదు, పైన ఉంది అన్నాం. అది ఆదరించిందని నాకు తెలుసు. కాని ఇక్కడి అన్యాయం మీద ప్రశ్న అడగకుండా ఉండడానికి కూడా అది పనికొచ్చింది. లోకానికి వారసులు అన్న పౌలు మాట వాళ్ల చెవిన పడి ఉంటే, భూమి మీద తమకు హక్కు ఉందని దేవుడే అన్నాడని వాళ్లకు తెలిసేది. సెలోపెహాదు ఐదుగురు కూతుళ్లు మోషే ముందు నిలబడి తండ్రి భాగం అడిగినప్పుడు దేవుడు వాళ్లు అడిగింది న్యాయమని చెప్పాడు. మన ఆడపిల్లలకు ఆ కూతుళ్ల కథ ఉన్న అధ్యాయం ఆదివారం బడిలో ఎందుకు నేర్పమో నాకు అర్థం కాదు.

అందుకే ఇప్పుడు నా పని గ్రంథాలయం వదిలి సమాధుల తోటల్లోకి వెళ్లింది. రోమా ఎనిమిదో అధ్యాయానికి తెలుగులో ఒక వ్యాఖ్యానం రాస్తున్నాను. దానికి తోడుగా కోస్తా జిల్లాల పాత క్రైస్తవ సమాధుల మీది రాతలు సేకరిస్తున్నాను. ఊరి పొలంలో సెంటు భూమి లేని కుటుంబానికి కూడా చాలాచోట్ల సమాధి చోటు ఒకటి ఉంది. అబ్రాహాముకు మక్పేలా గుహ ఉన్నట్టు. ఆ రాళ్ల మీద వాళ్లు ఏ వచనం చెక్కించుకున్నారు? యోబు పందొమ్మిదో అధ్యాయమా, థెస్సలొనీక పత్రికా, ఫిలిప్పీ మొదటి అధ్యాయమా? పాత ఆచారం ప్రకారం పాదాలు తూర్పుకు ఉన్నాయా? ఏ కాలంలో ఏ వచనం తగ్గింది, ఏది పెరిగింది? ప్రసంగాల్లో మనం చెప్పింది ఒకటైతే, వాళ్లు నమ్మి రాయించుకున్నది మరొకటి కావచ్చు. ఆ తేడా నాకు తెలియాలి.

కాపరులకు నా మనవి ఇది. పాత రాళ్ల మీద సిమెంటు పూసి కొత్త టైల్స్ వేసే ముందు, ఉన్న అక్షరాలను ఉన్నట్టుగా రాసుకోండి. వచనం, సంవత్సరం, సమాధి దిక్కు, ఈ మూడూ చాలు. రాయి పెట్టించుకోలేనివాళ్ల పేర్లు సంఘ భూస్థాపన రిజిస్టర్లలో ఉంటాయి. భూస్థాపన రోజున వాళ్ల మీద ఏ వాక్యం చదివారో కొన్ని రిజిస్టర్లలో పక్కన రాసి ఉంటుంది. ఆ పుటలను చెదపురుగులకు వదలకండి. నకలు తీసి ఈ కళాశాల గ్రంథాలయానికి పంపండి, వచ్చే విద్యా సంవత్సరంలో విద్యార్థులు వాటిని వరుసలో పెట్టడం మొదలుపెడతారు.