ముందే చెల్లించిన వెల: 1857లో సాలార్‌జంగ్ విధేయత

కోఠీలో ఇవాళ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంగణమే అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక పోగైన జనం, ఐదొందల దాకా రోహిల్లాలతో కలిసి సాయంత్రానికి దాని మీదికి వచ్చారు. ముందు నడిచినవారు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ మేడలెక్కి తుపాకులు పేల్చారు, తోట గేటు విరగ్గొట్టారు. లోపలి నుంచి ఫిరంగులు బదులిచ్చాయి. రాత్రంతా కాల్పులు సాగాక, తెల్లారేసరికి దాడికి వచ్చినవాళ్లు జారుకున్నారు. ఈ ఘట్టం చెప్పేవాళ్ల చూపు విరిగిన గేటు దగ్గరే ఆగిపోతుంటుంది. లోపలివాళ్లు అంత సిద్ధంగా ఎలా ఉన్నారన్నది అంతగా ఎవరూ అడగరు. దాడి జరగబోతోందని రెసిడెంటు డేవిడ్‌సన్‌కు ముందే కబురు పంపినవాడు నిజాం దివాన్ మీర్ తురాబ్ అలీ ఖాన్, మొదటి సాలార్‌జంగ్. అప్పటికాయన వయసు 28.

అయితే ఆయన పాత్రను తేల్చింది ఆ రాత్రి కాదు, అంతకుముందు జరిగిన ఒక అప్పగింత. హైదరాబాద్ కంటింజెంట్ అనే పటాలం ఉండేది. జీతాలు నిజాం ఖజానావి, పెత్తనం ఇంగ్లీషువాళ్లది. ఆ జీతాల బాకీ కిందే 1853లో బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ వాళ్ల చేతికి పోయాయి. ఆ ఒడంబడిక జరిగిన కొద్దిరోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. ఆయన గద్దె మీద కూర్చున్న అన్న కొడుకే మన సాలార్‌జంగ్. నాలుగేళ్లకు ఔరంగాబాదులో అదే పటాలపు మొదటి అశ్వికదళం ఎదురుతిరిగింది. జమాదారు చీదాఖాన్ కొద్దిమంది సవార్లతో నిజాం నీడను నమ్ముకుని నగరానికి వచ్చాడు. దివాన్ వాళ్లను పట్టించి రెసిడెంటుకు అప్పగించాడు. జూలై 17న జనం అడిగిన మొదటి మాట వాళ్లను విడిచిపెట్టమనే.

ఆయనను ద్రోహి అనడం తేలిక. దేశమనే మాటకు నేడున్న అర్థాన్ని 1857 మీద రుద్దకూడదని ఆయన పక్షం వహించేవారు అంటారు. సరైన మాటే, కానీ దానితో ఆయన ఒడ్డున పడడు. నిందించింది మనం కాదు కదా, ఆనాటి నగరమే. 1859 మార్చి 15న దర్బారు నుంచి బయటికి వస్తున్న డేవిడ్‌సన్, సాలార్‌జంగ్‌ల మీద జహంగీర్ ఖాన్ అనేవాడు దాడిచేశాడు. అతని దృష్టిలో ఆ ఇద్దరూ ఒకే పక్షం. ఇక ఆయనకు మరో దారి లేదనే వాదన ఒకటుంది, అదీ నిలవదు. ఢిల్లీ సెప్టెంబరు దాకా తిరుగుబాటుదారుల చేతిలోనే ఉంది. ఇంగ్లీషువాళ్లే గెలుస్తారని జూలైలో ఎవరికీ తెలియదు. అంచేత దివాన్ చేసింది గత్యంతరం లేని పని కాదు, ఎంచుకుని చేసిన పని. జీతం కోసమో తెల్లదొరల మీది భక్తితోనో చేశాడని కూడా నేను అనుకోను. పోయిన జిల్లాలను విధేయతతో వెనక్కి తెచ్చుకోవచ్చని లెక్కవేశాడు. 1876లో ఆయన ఇంగ్లాండు వెళ్లిందీ బీరారు మాట తేల్చుకోవడానికే. ఆ లెక్కలో పెద్ద లొసుగు ఉంది: బేరం కుదరకముందే వెల మొత్తం చెల్లించేశాడు.

1860 ఒడంబడికలో ప్రతిఫలం వచ్చింది. రాయచూరు, ధారాశివ్ తిరిగివచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది, సురపురం కూడా దక్కింది. ఈ సురపురం సంగతి మింగుడుపడనిది. దాని రాజు వెంకటప్ప నాయకుడు 1858లో తిరగబడి ఓడిపోయి హైదరాబాద్ వస్తే, పట్టుకుని అప్పగించింది సాలార్‌జంగే. బీరారు మాత్రం రాలేదు. అది పత్తి పండే నేల, అప్పగింతలు ఎన్ని చేస్తే ఆ నేల వస్తుంది?

రాజ్యమంటూ మిగిలింది గనుకనే ఆయన తర్వాత రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసే జిలాబందీ తెచ్చి, శిస్తు గుత్తలు మాన్పించగలిగాడన్నది బలమైన ఆక్షేపణ. ఆ సంస్కరణల మేలు నేను కాదనను. కానీ రాజ్యం మిగిలింది విధేయత ఒక్కదానివల్లే కాదు. సంస్థానాలను ఇక కలుపుకోబోమని 1858లో బ్రిటిష్ రాణి ప్రకటించిందంటే, ఆ ఏడాది ముందు చూసిన మంటల భయం అందులో ఉంది. తిరగబడ్డవాళ్లు పుట్టించిన భయంలో సాలార్‌జంగ్‌కూ వాటా దక్కిందన్నమాట. ఆ వాటా కట్టినవాళ్లలో తుర్రెబాజ్ ఖాన్ ఒకడు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడ్డ అతను 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర అతన్ని చంపింది ఇంగ్లీషు సోల్జరు కాదు, నిజాం కొలువులోని తాలూక్దారు కుర్బాన్ అలీ బేగ్. శవాన్ని నగరానికి తెచ్చి అందరూ చూసేట్టు వేలాడదీశారు. దివాన్ వేసిన లెక్క కింది అధికారికి అందేసరికి అలా మారింది.

కుర్బాన్ అలీ పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు. దివాన్‌కు బిరుదులు వచ్చాయి. 1883 ఫిబ్రవరి 8న ఆయన కలరాతో పోయేనాటికి బీరారు ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ఉంది.