ఒక వాగు పేరు



ఈ రజతోత్సవ సభలో నేను ముచ్చటింపదలచినది ఒక చిన్న వాగు పేరును గూర్చి. ఆ వాగు స్కాట్లండు దేశమున స్టర్లింగు పట్టణమునకు చేరువనున్న కొండలలో పుట్టి, ఫోర్త్ నదిలో కలియుచున్నది. దాని పేరు బానక్ బర్న్. 1314 జూన్ 23, 24 తేదీలలో రాబర్ట్ బ్రూసు, ఇంగ్లండు రాజైన రెండవ ఎడ్వర్డు సేనను ఆ ప్రాంతమున నోడించుటచే ఆ పేరు చరిత్ర కెక్కినది. యుద్ధమును గూర్చి విన్నవారు పెక్కుమంది. పేరును గూర్చి విచారించినవారు కొలదిమంది.

'బర్న్' అనగా స్కాట్సు భాషలో వాగు. ఇది ప్రాచీనాంగ్లము నుండి వచ్చిన మాట. చిక్కంతయు 'బానక్' అను మాట యందే యున్నది. ఓట్ల పిండితోగాని, బార్లీ పిండితోగాని చేసి పెనముపై కాల్చెడి మందపు రొట్టెను ఆ దేశీయులు బానక్ అనియే పిలుతురు. కావున దీనిని 'రొట్టెల వాగు' అనుకొనుట సులభము. కాని వాగునకు రొట్టెతో నిమిత్తము లేదు.

స్థలనామ పరిశోధకుడైన డబ్ల్యు. జె. వాట్సన్ 1926లో ప్రకటించిన గ్రంథమున దీని మూలమును వివరించెను. ఇంగ్లీషు, స్కాట్సు భాషలు రాకముందు ఆ సీమలో వెల్షు భాషకు సోదరియైన యొక భాష యుండెను. అందు 'బన్' అనగా కొమ్ము, శిఖరము. 'బన్నోగ్' అనగా శిఖరములుగల కొండ. పదునొకండవ శతాబ్దమున లాటినులో వ్రాయబడిన కడోక్ అను సాధువు చరిత్రలో 'బన్నౌక్' పర్వతము పేర్కొనబడినది. వాగు పుట్టిన కొండల పేరే వాగునకు వచ్చినది.

ఆ భాష మాట్లాడువారు అచ్చట లేకపోయి ఎన్నో శతాబ్దములైనది. తరువాత వచ్చినవారు అర్థమెరుగకపోయినను, ఆ పలుకును విడువక, తమ 'బర్న్' అను మాటను దానికి చేర్చిరి. పలుకు నిలిచినందువలననే పండితులు అర్థమును వెదకి పట్టగలిగిరి.

పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు పటములు తయారుచేసిన సర్వే అధికారులు ప్రత్యేకముగ నామపుస్తకములు ఉంచిరి. వాగులు, గుట్టలు మొదలగువాని పేర్లను, వాని వర్ణక్రమమును, ఆ వర్ణక్రమము సరియని చెప్పినవారి పేర్లను అందు వ్రాసిరి. ఉపాధ్యాయులు, మతగురువులు, రైతులు కూడ అట్లు సాక్ష్యమిచ్చిరి.

మన గ్రంథాలయమునందును అట్టి పుస్తకమొకటి ఉండవలెనని నా మనవి. మన వాగులు, కుంటలు, దిబ్బలు, చేల పేర్లను వృద్ధులు పలికినట్లే వ్రాసి, చెప్పినవారి పేరును, తేదీని చేర్చుదము. అర్థము తెలియనిచో ఆ చోటు ఖాళీగా నుంచుదము; కథ నల్లవలదు, పేరును దిద్దవలదు. అర్థము తెలియని పేరునే మరింత జాగ్రత్తతో వ్రాయవలెను. దానిని పలుకు కడపటి వృద్ధుడు పోయిన పిదప అడుగుటకు ఎవ్వరును మిగులరు.