క్లాస్ ఏబీనా, క్లాస్ డీనా? ట్వీటర్ వైర్ సీదానా, ఉల్టానా? ఖని గొడవకు లెక్కతో జవాబు

రామగుండం, గోదావరిఖని, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ... మా సైడ్ సొంతంగా ఆంప్ బిగించే అన్నలు నలుగురు ఒకచోట కూర్చుంటే రెండు గొడవలు పక్కా. ఒకటి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత క్లాస్ ఏబీ గొప్పదా, అరచేతిలో పట్టే క్లాస్ డీ బోర్డు గొప్పదా? రెండు, ట్వీటర్ వైర్లు సీదా ఇయ్యాలా, ఉల్టా ఇయ్యాలా? నేను బీటెక్ చేసి కోడ్ రాసినోణ్ని కదా, లెక్క కనపడితే తప్ప నమ్మను. అందుకే ఈరోజు రెండూ లెక్క కడదాం.

ముందు ఆంప్. ఏబీ అన్న ఏమంటాడు? "క్లాస్ డీలో బేస్‌కు దమ్ము లేదు తమ్మీ." సరే, ఆయన పోల్చింది ఏంది? ఒకవైపు టీడీఏ7294, దానికి బలమైన ట్రాన్స్‌ఫార్మర్. ఇంకోవైపు టీపీఏ3116 బోర్డు, దానికి 12 వోల్ట్ అడాప్టర్. ఆ బోర్డు మీద 50+50 వాట్లు అని ఉంటది. కానీ 12ను 12తో గుణించి, 4 ఓమ్స్ స్పీకర్ కాబట్టి 8తో భాగించండి. 18 వస్తది. అంటే ఒక్కో ఛానల్‌కు 18 వాట్లు దాటితే సౌండ్ చిరిగిపోతది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. అదే బోర్డుకు 21 వోల్ట్ సప్లై ఇస్తే 50 దగ్గరికి పోతది. ఇక్కడ ఓడింది క్లాస్ డీ కాదు, అడాప్టర్.

ఇది కొత్త గొడవేం కాదు. 1987లో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక సుమారు 220 డాలర్ల రిసీవర్ నుంచి 12,000 డాలర్ల ఆంప్ దాకా పెట్టి, ఏది మోగుతుందో చెప్పకుండా వినిపించింది. విన్నవాళ్లు ఏది ఏదో నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. అట్లని అన్ని ఆంప్‌లూ ఒకటే అని నేను అనట్లేదు. బుస్‌మనే శబ్దం, క్లిప్పింగ్, నాసిరకం ఫిల్టర్ ఉంటే తేడా ఖచ్చితంగా వినపడుతది.

మీరూ టెస్ట్ చేయొచ్చు. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూడండి. రెండు ఆంప్‌లకూ ఒకటే రీడింగ్ రావాలి. ఎందుకంటే కొంచెం ఎక్కువ మోగేదే మన చెవికి "బాగుంది" అనిపిస్తది. స్విచ్ పెడితే మాత్రం స్పీకర్‌కు పోయే రెండు వైర్లూ మారాలి. క్లాస్ డీ బోర్డులో మైనస్ వైరు గ్రౌండ్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటది. రెండు ఆంప్‌ల మైనస్‌లు కలిపితే బోర్డు కాలిపోవచ్చు.

ఇగ ట్వీటర్. 8 ఓమ్స్ ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే పెడితే, సుమారు 4,200 హెర్ట్జ్ నుంచి కిందికి సౌండ్ తగ్గుతూ పోతది. కానీ మెల్లగా, ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ చొప్పున. సౌండ్ గట్టిగా పెడితే ట్వీటర్లు కాలిపోయేది ఇందుకే. కాయిల్ కూడా కలిపి 12 డెసిబెల్స్ చేస్తే ట్వీటర్ సేఫ్, కానీ కొత్త చిక్కు. క్రాసోవర్ పాయింట్ దగ్గర వూఫర్ ముందుకు తోస్తుంటే ట్వీటర్ వెనక్కి లాగుతది. రెండూ కొట్టుకుపోయి అక్కడ గుంత పడుతది. అప్పుడు ట్వీటర్ ఉల్టా ఇయ్యాలి. అంటే సీదా అన్నోడు తన ఒక్క కెపాసిటర్ బాక్సుకు కరెక్ట్, ఉల్టా అన్నోడు తన 12 డెసిబెల్స్ బాక్సుకు కరెక్ట్! ఈ గుంత సమస్య మీదే హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు లింక్విట్జ్, రైలీ పనిచేశారు. 1976లో పేపర్ వచ్చింది, ఇవాళ్టి డీజే సెట్లలోనూ వాళ్ల పేరుతోనే క్రాసోవర్ ఉంటది. డౌట్ ఉంటే క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్ పెట్టి, ఆంప్ ఆఫ్ చేసి వైర్లు మార్చి, మళ్లీ వినండి. ఏ కనెక్షన్‌లో సౌండ్ బాగా పడిపోతే, దానికి వ్యతిరేకం మీది.

ఇప్పుడు అసలు విషయం. ఏళ్ల తరబడి పెద్ద శబ్దాల మధ్య పనిచేసినవాళ్లకు వినికిడి ముందు దెబ్బతినేది ఎక్కువగా 4,000 హెర్ట్జ్ దగ్గర. మన ట్వీటర్ మొదలయ్యేది కూడా అక్కడే! ఇంట్లో బాపు "ట్రెబుల్ చాలట్లేదురా, పెంచు" అంటడు, నీకేమో చెవులు గుచ్చుకుంటయి. ఆయన అబద్ధం చెప్పట్లేదు, నువ్వూ చెప్పట్లేదు. చెవులే వేరు. మాటలు వినపడుతున్నయి గానీ అర్థం కావట్లేదు అని కూడా అంటున్నారంటే కెపాసిటర్ మార్చకండి. చెవి డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ తీయించండి.

మన చెవుల లెక్క కూడా ఇదే. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ టైమ్ సగం. 100 దగ్గర 15 నిమిషాలే. డీజే బాక్స్ ముందు డ్యాన్స్ చేస్తే ఒక్క పాటకు ఎంత ఖర్చవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇంకోటి, బేస్ గోడలు దాటుతది. క్వార్టర్స్‌లో పక్కింట్ల నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మామ పగలే పడుకుంటడు. ఆయన నిద్ర మీద మన ఆంప్ టెస్టింగ్ వద్దు.

ఆంప్ పోతే బోర్డు కొనుక్కోవచ్చు, ట్వీటర్ పోతే డయాఫ్రం మార్చుకోవచ్చు. చెవికి స్పేర్ పార్ట్ దొరకదు. మీ బాక్సుకు సీదా పనిచేసిందా, ఉల్టానా, టెస్ట్ చేసి చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!