ఇంటి కాగితంలో రెండు పేర్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద జకాత్, సదఖాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటి కాగితం గురించి మాట్లాడదలచాం. సాయం కోరి మా దగ్గరికి వచ్చే వితంతువుల్లో, ముసలి తల్లుల్లో కొందరు పుట్టు పేదలు కారు. రావలసిన వాటా రాక పేదలైనవారు.

ఈ రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంపాదించి, ఇద్దరి పేర్ల మీదా ఇల్లు రిజిస్టరు చేయించుకుంటున్నారు. సంతోషం. కానీ "ఒకరు పోతే ఇల్లంతా రెండోవారిదే" అనుకుంటున్నారు. మన షరీఅత్‌లో ఆ పద్ధతి లేదు. ఎవరి వాటా వారిదే. పోయినవారి వాటా వారి వారసులకు చెందుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఇల్లు 96 లక్షలు. ఇద్దరూ చెరిసగం పెట్టారు. భర్త చనిపోయాడు. తల్లి, భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. భార్య సగం, 48 లక్షలు, ఆమె సొంతం. దాన్ని ఎవరూ పంచరాదు. భర్త సగంలో ముందుగా అప్పులు, చెల్లించని మహర్ తీర్చాలి. అవేవీ లేవనుకుంటే భార్యకు ఎనిమిదో వంతు 6 లక్షలు, తల్లికి ఆరో వంతు 8 లక్షలు. మిగిలిన 34 లక్షల్లో కొడుక్కి 17, ఒక్కో కూతురికి ఎనిమిదిన్నర. కొడుకు ఉన్నందున భర్త అన్నదమ్ములకు ఏమీ రాదు. ఈ లెక్క తెలియకనే ఒకచోట కోడలిని గడప దాటిస్తున్నారు, మరొకచోట అత్తను మరచిపోతున్నారు.

అమెరికాలో ఉన్న మన దాతలకు మరో మాట. అక్కడ ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులో 'సర్వైవర్‌షిప్ హక్కు'తో జాయింట్ టెనెన్సీ అని రాస్తే, ఒకరు పోగానే ఇల్లు మొత్తం రెండోవారిదవుతుంది. వీలునామాలో వేరే విధంగా రాసినా ఆ ఇంటికి అది వర్తించదు. ఇక్కడ గుంటూరులోనో కర్నూలులోనో ఉన్న తల్లి ఆరో వంతు ఆ ఒక్క మాటతో చట్టం దృష్టిలో పోతుంది. అల్లాహ్ దృష్టిలో పోదు. 'టెనెన్సీ ఇన్ కామన్' అని రాయించుకుంటే ఎవరి వాటా వారికి విడిగా ఉంటుంది. దానితోపాటు వాటాలు తెలిపే వీలునామా కూడా రాయాలి. ఇప్పటికే మొదటి పద్ధతిలో కొన్నవారు అక్కడి వకీలునూ, ఆలిమ్‌నూ సంప్రదించండి.

భార్యకు నీడ ఉండాలన్న తపన తప్పు కాదు. దానికి దారి ఉంది. బతికుండగానే హిబా చేయవచ్చు. ఇస్తున్నానని చెప్పాలి, ఆమె స్వీకరించాలి, స్వాధీనం ఇవ్వాలి. కాగితం మీద పెట్టి రిజిస్టరు చేయిస్తే రేపు తగాదా ఉండదు. వసియ్యత్‌తో ఆ పని జరగదు. మిగతా వారసులు ఒప్పుకోకపోతే వారసుల పేర రాసిన వసియ్యత్ చెల్లదు.

ఈ రాత్రి ఇంటికెళ్లాక భార్యాభర్తలు కూర్చుని, ఎవరు ఎంత పెట్టారో ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేయండి. మీరు మాకిచ్చే చందా ఎంత విలువైనదో, మీ ఇంట్లో హక్కుదారుకు అందే వాటా అంతకన్నా విలువైనది.

హక్కుదారుల హక్కు చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.