దూదిమొన ఘంటము
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము మేము మాటాడబూనిన విషయము చాల చిన్నది. లాప్‌టాప్‌లోని టచ్‌ప్యాడ్‌పై బొమ్మలు గీయుటకును, అక్షరములు దిద్దుటకును పనికివచ్చు కలమును ఇంటిలోనే ఎట్లు చేసికొనవచ్చునో చెప్పుటయే మా ఉద్దేశము. ఇంతమాత్రమునకు సభ యెందుకని కొందరికి తోచవచ్చును. కారణము మనవి చేసెదము.

మన చూలై ఇండ్లలో తెలుగు నాలుకపై బాగుగనే ఉన్నది; చేతిలోనికి వచ్చుసరికి తడబడుచున్నది. 2006 నాటి తమిళాభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగినది. తమిళము మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అది ఈ ఊరి భాష, మనకు అన్నము పెట్టు భాష. కాని తెలుగు వ్రాతను సాధన చేయుటకు మిగులు సమయము తక్కువైనది. అమ్మమ్మకు సందేశము పంపు పిల్లవాడు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో పంపుచున్నాడు. ఆమెకు ఆ అక్షరములు రావు. వీనికి ఈ అక్షరములు రావు. మాట ఒకటేయైనను మధ్య గోడ లేచుచున్నది.

పలకయు, కాపీపుస్తకమును చూపిన విసుగుకొను బిడ్డ లాప్‌టాప్ తెరచిన పరుగున వచ్చును. 2011లో ఆరంభమైన ప్రభుత్వ పథకము వలన ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో ప్లస్ టూ చదివిన పిల్లలకు ఉచితముగా లాప్‌టాప్‌లు లభించినవి. అట్టి పాత యంత్రము ఇంటిలో మూల పడియున్నచో అదియే చాలును. చిత్రకారులు వాడు పలకకు కొన్ని వేల రూపాయలు వెచ్చింపవలెను. మేము చెప్పు కలమునకు పది రూపాయలు మించవు.

మొదట టచ్‌ప్యాడ్ పనిచేయు తీరు తెలిసికొందము. దాని నునుపైన పైపొర క్రింద సన్నని విద్యుద్వాహకపు గీతలు అడ్డముగను నిలువుగను వలవలె ఉండును. మన దేహము విద్యుత్తును ప్రసరింపజేయునది గనుక, వ్రేలు తాకినచోట ఆ గీతల విద్యుత్ స్థితి కొంచెము మారును. యంత్రము ఆ మార్పునే కనిపెట్టును గాని ఒత్తిడిని కాదు. అందుచేతనే ప్లాస్టిక్ కలముతో ఎంత నొక్కినను బాణపు గుర్తు కదలదు. కలము పనిచేయుటకు రెండు నియమములు: మొన నుండి మన చేతివరకు విద్యుత్తు సాగు దారి ఉండవలెను, మొన వ్రేలికొనవలె కొంత వెడల్పుగా, సుమారు ఆరేడు మిల్లీమీటర్లు ఉండవలెను.

ఇచట మన పెద్దల ఘంటము జ్ఞప్తికి వచ్చును. తాటియాకుపై ఇనుప ఘంటముతో గీసి, మసి పూసి అక్షరమును కనబడజేసెడివారు. బ్రౌను దొర సేకరించిన తాళపత్రములు ఈ నగరమందలి ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకే చేరినవి. సూటి గీతలకు ఆకు చీలును గనుక మన లిపి గుండ్రదనము తాల్చెనని పండితులు చెప్పుదురు. ఆ ఘంటమునకు వాడి మొన గుణము. మన ఘంటమునకు మొద్దు మొన గుణము. ఇనుము విద్యుద్వాహకమే అయినను, సన్నని మొనను టచ్‌ప్యాడ్ గుర్తింపదు. పైగా గీతలు పడును.

చేయు విధానము ఇది. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, చెవులు శుభ్రపరచు దూదిపుల్ల, వంటింటి అల్యూమినియం రేకు, సెల్లోటేపు తెచ్చుకొనుడు. పెన్ను నుండి రీఫిలును తీసివేయుడు. దూదిపుల్లను సగమునకు కత్తిరించి, దూది మాత్రము పైకి కనబడునట్లు పెన్ను మొనలో దూర్చి బిగింపుడు. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పుల్లలు నిషిద్ధములు. కాగితపు పుల్లయైనను, వెదురు పుల్లయైనను సరిపోవును. పిమ్మట రేకును పెన్ను చుట్టు చుట్టుడు. దాని ఒక అంచు దూది మొదటిని తాకవలెను. రెండవ అంచు వ్రేళ్లు పట్టుకొను చోటు దాటి పైకి పోవలెను. టేపు పై అంచుననే వేయుడు. పట్టుకొను చోట వేసినచో దారి తెగిపోవును. చివరకు దూదిని ఒక్క నీటిచుక్కతో తడిపి, గట్టిగా పిండుడు. దూది చెమ్మగా ఉండవలెను గాని నీరు కారరాదు; టచ్‌ప్యాడ్‌పై నీరు నిలిచిన గుర్తు ఇటునటు గెంతును, లోనికి దిగిన యంత్రమే చెడును.

కదలకున్నచో క్రమముగా పరీక్షింపుడు. దూది ఆరినదా? రేకు దూదిని తాకుచున్నదా? వ్రేళ్లు రేకుపై ఉన్నవా? మొన మరీ సన్నమా? ఈ నాలుగింటిలో నేదో ఒకటియే సాధారణముగా కారణము. రేకు అంచు టచ్‌ప్యాడ్‌ను గీయకుండ పెద్దలు చూచుకొనవలెను.

వాడుటలో ఒక మెలకువ గలదు. కాగితముపై కలము పెట్టినచోటనే గీత పడును. టచ్‌ప్యాడ్‌పై అట్లు గాదు. కలము ఎత్తి మరొకచోట పెట్టినను గుర్తు ఆగినచోటి నుండియే సాగును. పెయింట్ గాని, 2002 నుండి ఉచితముగా లభించు టక్స్ పెయింట్ గాని తెరచి, ఎడమచేతితో బటను నొక్కిపట్టి కుడిచేతితో గీయవలెను. బటను వదలిన గీత ఆగును. మణికట్టు టచ్‌ప్యాడ్‌ను తాకరాదు. సెట్టింగులలో గుర్తు వేగము తగ్గించిన గీత నిలకడగా వచ్చును.

అందుచేత అక్షరములను వరుసక్రమమున నేర్పవద్దని మా సలహా. మొదట సున్న, తరువాత తలకట్టు లేని ల, ట, జ వంటివి, బటను వదలకుండ సాగునవి. చేయి కుదిరిన పిదప గ, త, క. వీనికి బటను వదలి, గుర్తును పైకి జరిపి, మరల నొక్కి తలకట్టు పెట్టవలెను. ఒత్తులు చివరకు. ప్రతి అక్షరమును తెరనిండ పెద్దదిగా వ్రాయింపుడు.

ఈ కలము పలకకు బదులు కాదు. టచ్‌ప్యాడ్ చిన్నది, గీత వణకును, దూది మాటిమాటికి ఆరును. అది బిడ్డను పలక యొద్దకు తెచ్చు దారి మాత్రమే. తెరపై పది నిమిషములు గీసిన అక్షరమునే వెంటనే కాగితముపై ఐదుమారులు వ్రాయింపుడు. ఈ నగరముననే జీవించిన బాపుగారి చేతివ్రాత నేడు కంప్యూటరులో అక్షరరూపమై నిలిచినది. యంత్రమున నిలిచిన ఆ అందము మొదట చేతిలో పుట్టినదే గదా!

తమిళమున చూలై యనగా ఇటుకలు, కుండలు కాల్చు ఆవము. పచ్చిమట్టికి రూపము ఇచ్చు సమయము కొద్ది. కాలిన పిదప మార్ప వీలుగాదు. మన బిడ్డల చేతులింకను మెత్తగా ఉన్నవి. వచ్చు ఆదివారము ప్రతి ఇంటిలో తల్లియో తండ్రియో బిడ్డతో కూర్చుండి ఈ కలమును చేసి, మొదటి తెలుగుమాటగా ఆ బిడ్డ పేరునే వ్రాయింపవలెనని వేడుకొనుచున్నాము. ఆ బొమ్మను భద్రపరచి ఊరిలోని అమ్మమ్మకు, తాతయ్యకు పంపుడు. వారు దానిని చదువగలరు.