ప్రస్తారమునకు ఎక్కని పాదములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. పద్యములు చదువుకొనుట నా వ్యసనము. గణితశాస్త్రమును కళాశాలలో అభ్యసించినవాడను కాను. అయినను లెక్కకు లోబడనివి గలవా యను ప్రశ్నను, మన ఛందశ్శాస్త్రపు వాకిటినుండి మీ ముందుంచ సాహసించుచున్నాను.

ప్రతి అక్షరమును గురువో లఘువో అగును. కావున రెండక్షరముల పాదము నాలుగు విధములు. మూడక్షరములది ఎనిమిది విధములు, అవియే మ య ర స త జ భ న గణములు. ఇరువది యక్షరముల కృతిచ్ఛందమున 10,48,576 వృత్తములు పుట్టును. వీనిని వరుసగా వ్రాయుట ప్రస్తారము. వ్రాయకయే వరుససంఖ్యను చెప్పుట ఉద్దిష్టము. పాదము క్రింద 1, 2, 4, 8 అని రెట్టించుచు వ్రాసి, లఘువుల క్రింది అంకెలను మాత్రము కూడి, ఒకటి కలుపవలెను. అట్లు చేసినచో మనకు చిరపరిచితమైన ఉత్పలమాల కృతిచ్ఛందమున 3,55,799వ వృత్తమని తేలును. సర్వే నంబరు చెప్పినంతనే పొలము తెలిసినట్లు, సంఖ్య చెప్పినంతనే వృత్తము తెలియును.

ఒక ఛందమును ముగించి తరువాతి ఛందమునకు పోవుచుండినచో, ముగింపు గల ప్రతి పాదమునకును ఎప్పుడో యొకప్పుడు వంతు వచ్చి తీరును. ఆ పాదములకు అంతము లేదు. కాని వరుస గలదు. భీమునిపట్టణపు ఇసుకరేణువులు ఎన్నియున్నను పరిమితములే. ఇవి అపరిమితములయ్యును లెక్కకు లోబడినవి.

ఇక ముగింపే లేని పాదమును ఊహింపుడు. గురులఘువులు ఎడతెగక సాగుచునే యుండును. ఇట్టి పాదముల కన్నిటికిని సంఖ్యలు వేసి చిట్టా తయారుచేసితినని ఒకడు వచ్చెననుకొందము. వాని చిట్టాలో మొదటి పాదపు మొదటి అక్షరము గురువైనచో మనము లఘువును, లఘువైనచో గురువును వ్రాయుదము. రెండవ పాదపు రెండవ అక్షరమును, మూడవదాని మూడవ అక్షరమును అట్లే మార్చుచు పోవుదము. ఇట్లేర్పడిన పాదము చిట్టాలో ఎచట నున్నది? నూరవ పాదముతో నూరవ అక్షరమున భేదించును; వేయవదానితో వేయవ అక్షరమున భేదించును. ఎచటను లేదు. దానిని గూడ చేర్చుకొందు ననినచో, క్రొత్త చిట్టాకును అదే గతి. ఈ యుక్తిని 1891లో జర్మనీ దేశమున గెయోర్గ్ కాంటర్ ప్రకటించెను. ఆయనయు రెండే అక్షరములు గైకొనెను.

ఇదెల్ల పింగళుడు ముందే చెప్పెనని కొందరు మిత్రులు సంబరపడుదురు. నేనొప్పుకొనను. ఆయన ప్రస్తరించినది ముగియు పాదములను. ఆ పనిని లోపము లేక చేసెను. చేయని పనిని పద్దులో వేయుట లెక్కలవానికి తగదు.

మన గ్రంథాలయమున పుస్తకముల పట్టిక గలదు. ఇక ముందు వ్రాయబడగల పుస్తకములన్నియు ముగియు అక్షరపంక్తులే కనుక, అవి యన్నియు అట్టి పట్టికకు ఎక్కును. అనంతపాదములు ఎక్కవు. కావున ఏ పుస్తకమునను లక్షణము చెప్పబడజాలని పాదములు గలవు. లాక్షణికునకు ఇది చిన్న దెబ్బ కాదు.

అంతమాత్రమున అవి మనకు దూరములా? రెండు పాదములు మొదటినుండి ఎన్ని యక్షరములు కలిసి నడచునో, అంత సమీపమున నున్నవందము. కొంతదూరము నడచి, ఆపై అన్నియు లఘువులే యైన పాదములను మాత్రము చిట్టా వ్రాయుడు. ఇవి లెక్కకు లోబడును. మీకు తోచిన అనంతపాదమును దేనినైన చెప్పుడు. దానితో నూరక్షరములు కలియునది ఈ చిట్టాలో నున్నది; లక్ష యక్షరములు కలియునదియు నున్నది. ఇట్లు లెక్కకు లోబడిన కొన్ని, లోబడని యన్నిటి చెంతకును పోగలిగినచో, అట్టి ప్రదేశమునకు ఫ్రాన్సు దేశపు మోరిస్ ఫ్రెషే 1906లో సెపరబుల్ అను పేరు పెట్టెను.

పొలమున దీనిని చూడవచ్చును. ఒక్కొక్క వైపు ఒక గొలుసు, అనగా నూరు లింకులు గల చదరపు మడికి కర్ణము 141 లింకులపైన కొంత. ఆ కొంత ఏ భిన్నమునకును సరిగా చిక్కదు. 141.4, 141.42, 141.421 అని ఎంత దగ్గరకైనను పోవచ్చును. భిన్నములను లవహారముల మొత్తమును బట్టి వరుసకెక్కింపవచ్చును. గట్టుమీది బిందువులను ఎక్కింపరాదు. అయినను కొలత ఆగదు.

సామీప్యమును మార్చిచూడుడు. ఒక్క యక్షరము భేదించినను, అన్నియు భేదించినను, ఎడము ఒక్క ఆమడయే యందము. అప్పుడు చిట్టాలో లేని పాదమునకు చిట్టాలోనిదేదియు చేరువ కాదు. పాదములు అవే, చిట్టా అదే. ఉపకారము మాత్రము పోయినది. కావున లెక్క యొక్కటియే చాలదు, ఇరుగుపొరుగును చూడవలెను. 1914లో హౌస్‌డార్ఫ్ ఈ ఇరుగుపొరుగులనే లెక్కింప నియమము లేర్పరచెను.

నాలుగక్షరముల ప్రస్తారమును, పదునారు రూపములతో, ఒక కాగితముపై వ్రాసి పఠనమందిరపు బల్లమీద నుంచితిని. కాగితము చూడకయే పదునొకండవ రూపమును చెప్పగల బాలబాలికలు సభానంతరము నన్ను కలియవచ్చును.