పాత జీపునకు మరల ప్రాణము



ప్రభుత్వోద్యోగుల కుటుంబములలో జీపును ఎరుగనివారు అరుదు. సర్వే సిబ్బంది, అటవీశాఖవారు, మలేరియా నివారణకు తిరిగినవారు, ఎన్నికల పెట్టెలను మోసికొని పోయినవారు, అందరును ఏదో యొకనాడు దానిపై ఎముకలు కదలునట్లు ప్రయాణము చేసినవారే. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు జీపును, 1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట సమితి జీపును పల్లెజనులకు సర్కారునకు గుర్తులైనవి. చెరువుగట్టుమీద దుమ్ము లేచినచో ఎవరో అధికారి వచ్చుచున్నాడని ఊరికి తెలిసెడిది.

ఆనాటి బండ్లలో పెక్కు తుక్కు క్రింద పోయినవి. వేలములో కొన్నవారి పెరళ్లలోను, షెడ్ల వెనుకను మిగిలినవి కొన్ని మాత్రమే. అట్టిదానిని ఇంటివద్దనే బాగుచేసికొనవలెనని ముచ్చటపడువారు కలరు. ముచ్చట మంచిదే. కాని బాగుచేయుటయనగా రంగు పూయుట కాదు. ఊరేగింపులో మెరయు బండి వేరు, అడవిదారిని నమ్మి ఎక్కదగిన బండి వేరు. ఈ భేదము తెలియుటకు ఒక దారిని తలచుకొనుట మేలు.

ఆ దారి బస్తరు దక్షిణ భాగమున, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉన్నది. ఆంధ్రదేశపు సరిహద్దున శబరినది ఒడ్డుననున్న కోంటా దాటి ఉత్తరముగా పోయినచో దోర్నపాల్ వచ్చును. అక్కడ జాతీయ రహదారిని విడిచి పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్ మీదుగా పోవు బాట చింతలనార్ చేరి, అటుపై జగరగుండకు పోవును. ఊరిపేరులో తెలుగువారి చింతలును, గోండులు ఊరికి వాడు ‘నార్’ అను మాటయు కలిసి వినబడుచున్నవి. కోయలు, దోర్లలు నివసించు ఈ సీమలో అడవియు, ఎర్రమట్టియు, వాగులును తప్ప వేరు ఆనవాళ్లు చాలకాలము లేవు. వానకాలమున వాగు పొంగినచో ఆవలి ఊళ్లకు ఈవలి లోకముతో సంబంధము తెగిపోయెడిది.

ఆ దారి పేరు దేశమునకు తెలిసినది దుఃఖవార్తల మూలముననే. 2010 ఏప్రిల్ 6వ తేదీన చింతలనార్ సమీపమున తాడిమెట్ల అడవిలో 76 మంది హతులైరి. వారిలో 75 మంది కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు. 2017 ఏప్రిల్ 24వ తేదీన బుర్కాపాల్ వద్ద, రోడ్డు పనికి కాపలాగానున్న ఆ దళమువారే 25 మంది ప్రాణములు కోల్పోయిరి. మందుపాతరల భయముచే ఆ మార్గమున బండ్లు విడిచి క్రోసుల కొలది కాలినడకన పోయిన ఉద్యోగులు ఎందరో. వారి కష్టమునకును పెరటిలోని పాత జీపునకును పోలిక చెప్పుట తగదు. అయినను అట్టి సీమలయందు పనిచేసినవారికి ఒక సంగతి బాగుగా తెలియును: బండి అలంకారము కాదు, ఎక్కినవారి ప్రాణములు దానిచేతిలో నుండును. కావున ఏ మరమ్మతు చేసినను “ఈ పనితో బండి చింతలనార్ వంటి దారిని పోయి తిరిగి రాగలదా?” అని ప్రశ్నించుకొనుట ఉత్తమము.

జీపు అట్టి దారులకే పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యము తేలికపాటి బండి కావలెనని కోరినప్పుడు బాంటమ్ అను చిన్న కంపెనీ 49 దినముల గడువులో నమూనాను సిద్ధపరచినది. పిమ్మట విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసెను. ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ 80 అంగుళములు, నాలుగు సిలిండర్ల 2.2 లీటర్ల ఇంజను, 60 అశ్వశక్తి, నాలుగు చక్రములకును చోదకశక్తి, ఇవి దాని లక్షణములు. యుద్ధానంతరము డిస్పోజల్సు వేలములలో అవి మన దేశమున ఊరూర చేరినవి. 1940ల చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలోని మజ్‌గావ్‌లో విల్లీస్ జీపులను బిగించి అమ్మసాగెను. 1953లో అమెరికాలో వెలువడిన సి.జె.3బి రకము మన దేశమునను తయారై, ఎత్తైన బోనెట్టుతో దశాబ్దముల పాటు ప్రభుత్వశాఖలకు సేవచేసినది. 1958లో తూర్పుబెంగాలు కాందిశీకుల పునరావాసమునకై దండకారణ్య పథకము ఏర్పడి బస్తరు, కోరాపుట్టు అడవులలో పనులు మొదలైన కాలము జీపుల కాలమే.

ఆ నిర్మాణమున గొప్పతనము దాని సరళత్వమే. నిచ్చెనవంటి ఉక్కు చట్రముపై ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, రేకుబాడీ వేరువేరుగా బోల్టులతో బిగించియుండును. ఎక్కడ ఆగినను స్పానరులతో విప్పి బాగుచేయుటకు వీలగును. అందుచేతనే ఇంటిపెరటిలో ఈ పనికి పూనుకొనుట సాధ్యమగుచున్నది.

స్పానరు పట్టుటకు ముందు కాగితములు చూడవలయును. చట్రము మీది నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోలవలెను. ఆ నంబరుపై తుప్పుండెనేని మెత్తని బ్రష్షుతోను, కిరసనాయిలుతోను తుడువవలెనేగాని ఆకురాయి, గ్రైండరు తగులనీయరాదు. నంబరు చెరిగిన బండి ఎంత అందముగా తయారైనను యజమానికి చిక్కే.

2021లో కేంద్రప్రభుత్వము ప్రాచీన వాహనములకు ప్రత్యేక నిబంధనలు వెలువరించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటి, మొదటి రూపము చెడక, చట్రమునకు గాని, బాడీకి గాని, ఇంజనుకు గాని పెద్ద మార్పులు జరుగని సొంత బండ్లకు అవి వర్తించును. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. అది పది సంవత్సరములు చెల్లును. పిమ్మట పునరుద్ధరణకు 5,000 రూపాయలు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు నింపించుటకు, మరమ్మతుకు నడుపవచ్చును. నిత్యము తిరుగుటకు, బాడుగకు వాడరాదు. కావున పాత ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టుట, చట్రము కోసి పొడిగించుట మొదలగు పనులు చేసినవారు తమ బండికి దక్కవలసిన గౌరవమును తామే పోగొట్టుకొనుచున్నారు. మరియొక సంగతి కలదు. 2023 ఏప్రిల్ 1 నుండి 15 సంవత్సరములు మించిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను, ప్రత్యేక రక్షణ వాహనములు తప్ప, రద్దగునట్లు నిర్ణయమైనది. అవి అనుమతి పొందిన తుక్కు కేంద్రములకే పోవలెను. అనగా సర్కారు జీపు వేలములో ఇంటికి వచ్చు దారి మూసికొనిపోయినది. మిగిలినవానిలో ఒకటి చెడినచో దానికి బదులు లేదు.

ఇక తుప్పు సంగతి. ఇనుము, నీరు, గాలి మూడును కలిసినచో తుప్పు పుట్టును. ఉప్పుగాలి తోడైనచో వేగిరపడును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. అందుచే రెండు రేకులు కలియు అతుకులో దూరినచో వానిని ఉబ్బించి విడదీయును. పైకి కనబడు ఎర్రని పూత కంటె లోపల దాగిన తుప్పు ప్రమాదకరము. డ్రైవరు కాళ్లక్రింది నేలరేకు, దానికి ఆధారముగా అడుగున అతికిన బోలు పట్టెలు, బ్యాటరీ పళ్లెము, స్ప్రింగు కట్టలు చట్రమును పట్టుకొను చోట్లు, వెనుక అడ్డపట్టె, ఇవి దాని స్థావరములు. యుద్ధకాలపు జీపులలో నేలక్రింది పట్టెలలో కర్రముక్కలు కూడ ఉండెను. అవి తడి పీల్చి రేకును తినివేసినవి. చిన్న సుత్తితో చట్రమంతయు తట్టి చూడవలెను. గంటవలె మ్రోగినచో మంచి ఉక్కు. మొద్దుగా పలికినచో లోపల డొల్ల.

విప్పునప్పుడు తొందర పనికిరాదు. ప్రతి భాగమునకు ముందుగా ఫొటో తీసి, నట్లు బోల్టులు వేరువేరు సంచులలో వేసి పేర్లు వ్రాయవలెను. బిగిసిన బోల్టుకు పలుచని నూనె పోసి ఒకటి రెండు దినములు ఆగినచో సగము శ్రమ తప్పును. ఈ జీపులలో పెక్కింటికి ఎడమవైపు చక్రముల నట్లు ఎదురు మరవి. ఆ సంగతి తెలియక ఎడమకు త్రిప్పి బలము చూపినవారు బోల్టులు విరుగగొట్టుకొందురు.

చిన్న భాగముల తుప్పు తీయుటకు చవకైన ఉపాయములు కలవు. ప్లాస్టికు తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచాడు చాకలిసోడా చొప్పున కలిపి, భాగమును బ్యాటరీ ఛార్జరు రుణధ్రువమునకు, వేరొక పాత ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించి ముంచినచో తుప్పు వదలును. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు ఎన్నడును వాడరాదు, నీరు విషమగును. ఆ పనిలో హైడ్రోజను వాయువు పుట్టును గనుక ఆరుబయటనే చేయవలెను. నిప్పు దగ్గరకు రానీయరాదు. స్ప్రింగులకు, గట్టిపరచిన బోల్టులకు ఈ పద్ధతి తగదు, అవి పెళుసుబారును. చక్కెర మిల్లు మడ్డి ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు కలిపి రెండు మూడు వారములు నానవేయుట మరియొక పద్ధతి. వాసన మాత్రము ఓర్చుకొనవలెను. ఏ పద్ధతియైనను తుప్పును తీయునేగాని పోయిన ఇనుమును తిరిగి తేలేదు. పలుచబడిన చట్రమునకు మైనము, పుట్టీ నింపి రంగు వేయుట మోసము. అచ్చట అనుభవముగల వెల్డరుచేత సరియైన మందముగల ఉక్కు అతికించవలసినదే. తినిపోయిన భాగమునే కోసి, మిగిలిన పాత లోహమును నిలుపుట మంచి పనివాని లక్షణము.

డ్రైవరు సీటు క్రిందనున్న పెట్రోలు టాంకు విషయమున ఇంటిలో సాహసము కూడదు. ఖాళీ టాంకులోని ఆవిరియే పేలగలదు. దానిని పూర్తిగ శుభ్రపరచి అతుకు వేయుట తెలిసినవారికే అప్పగించవలెను. పాత రంగులలో సీసముండవచ్చును. నీరు తడిపి ఉప్పుకాగితముతో రుద్దుచు, ముక్కునకు తగిన మాస్కు కట్టుకొని, పిల్లలను దూరముగా ఉంచవలెను. పాత బ్రేకు లైనింగులలో రాతినార యుండును. ఆ పొడిని నోటితో ఊదరాదు, గాలిపంపుతో చిమ్మరాదు.

ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును స్టార్టరుతో బలవంతముగా త్రిప్పరాదు. పాత సైడ్‌వాల్వు ఇంజనుకు పైమూత విప్పుట సులభము; విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్ని దినములు ఆగి, హాండిలుతో మెల్లగా కదుపవలెను. కదలినపిమ్మట పాత ఆయిలు, రేడియేటరులోని మడ్డి తీసివేయవలెను. గేరుపెట్టెలోని, ఇరుసులలోని ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరెనని గుర్తు; అది వాగులు దాటిన బండికి సహజము. అట్టిచోట సీళ్లు, బేరింగులు చూడక ముందునకు సాగరాదు.

ఇంజను మొరాయించినచో బండి ఆగును. బ్రేకు మొరాయించినచో ఆగదు. పాత జీపు బ్రేకులు నాలుగు చక్రములకు ఒకే మాస్టరు సిలిండరుతో పనిచేయును. ఒక గొట్టమున కారినను నాలుగును పోవును. కనుక రబ్బరు కప్పులు, గొట్టములు, హోసులు అన్నియు కొత్తవి వేయుటయే క్షేమము. ఇక్కడ పాతదనముపై మమకారము పనికిరాదు. బ్రేకు ద్రవమునకు బదులు ఇంజను ఆయిలు పోయరాదు, రబ్బరు ఉబ్బిపోవును. ఆ ద్రవము గాలిలోని తడిని పీల్చును గనుక రెండేండ్లకొకమారు మార్చవలెను. ఈ బండ్లలో చేతిబ్రేకు చక్రములకు గాక గేరుపెట్టె వెనుకనున్న షాఫ్టునకు పట్టును. దానిని గూడ వాలుమీద నిలిపి పరీక్షింపవలెను.

చివరకు రంగు. గీకి తెల్లబరచిన ఇనుమునకు ఆనాడే ప్రైమరు వేయవలెను. వానకాలమున ఆ పని పెట్టుకొనరాదు. నేలరేకులోని నీరుపోవు రంధ్రములను రంగుతో మూయరాదు. బోలు పట్టెల లోపల తుప్పునాపు నూనె చిమ్మవలెను. అది ఎవరికిని కనబడదు, కాని బండి ఆయువు అందులోనే యున్నది. కంపెనీ రేకు, పాత శాఖ పేరు వ్రాసిన అక్షరములు మిగిలియున్నచో వానిని కప్పివేయక కాపాడుట మేలు. ఆ బండి ఎవరిని ఎక్కడికి చేర్చినదో చెప్పగల సాక్ష్యము అంతియే గదా.

ఈ పనికి ధనముకంటె ఓర్పు ఎక్కువ కావలెను. ఇంటివారి సమ్మతి, పిల్లల చేదోడు, పాత మేస్త్రీ యొకని సలహా ఉన్నచో ఏడాదియో రెండేండ్లో గడచునప్పటికి బండి తనంతట కదలును. జీపును విప్పి బిగించుట చేతితో నేర్చిన పాత మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. వారి ప్రక్కన నిలిచి పనిచేసిన యువకునకు బండితోపాటు విద్యయు దక్కును. తళతళ మెరయుచు బ్రేకు పట్టని జీపు మేలో, అక్కడక్కడ సొట్టలతో, వెలసిన రంగుతో, వాగు దిగి గట్టెక్కి ఎక్కినవారిని క్షేమముగా ఇల్లు చేర్చు జీపు మేలో, మారుమూలల ఉద్యోగము చేసి వచ్చిన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు.